దక్షిణం కిటికీ తెర

మా పిన్నికి పాలకొల్లులో చీరల వ్యాపారం. కొట్టు లేదు, బోర్డు లేదు, ఇంటి ముందుగదే అన్నీ. బాబాయికి బజారులో హోల్‌సేలు కిరాణా కొట్టు ఉన్నా, చీరల జోలికి ఆయన రారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, భీమవరం వైపు చేపల చెరువులున్న కుటుంబాల నుంచి ఆడవాళ్ళు ఒకరు చెప్పగా ఒకరు వస్తారు. చాప మీద కూర్చుంటారు, మంచినీళ్ళు తాగుతారు, తీరిగ్గా చూస్తారు. వాళ్ళంతా అంత దూరం రావడానికి కారణం ధర కాదు. పిన్ని చెప్పిన రంగు, ఇంటికి వెళ్ళాక కూడా అదే రంగుగా ఉంటుంది. అంతే.

దానికి ఆమె పెట్టుకున్న నియమం కూడా ఒక్కటే. కిటికీ వెలుతురులో చూపించకుండా ఏ చీరా ఇల్లు దాటకూడదు. సరుకు వచ్చిన రోజున తనే ఒక్కో చీరనూ కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి, పైట విప్పి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసేది. ఆ తర్వాతే బీరువాలో పెట్టేది. కొనేవాళ్ళు తొందరపడి లైటు కిందే బేరం ముగించబోతే ఆపేది.

"లైటు కింద అందరూ అందగత్తెలేనండి. ఇలా కిటికీ దగ్గరికి రండి" అనేది.

నేను డిగ్రీ పూర్తి చేసి, ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్న రోజులవి. మా ఊళ్ళో నెట్ నిలకడగా ఉండదు కాబట్టి పిన్ని వాళ్ళ ఇంట్లో ఉండేదాన్ని. బాబాయి అప్పుడే కొత్త ఇల్లు కట్టారు. లైట్లు, ఫ్యాన్లు, వీధి గేటు, నీళ్ళ మోటారు, అన్నీ ఫోనుతో నడవాలన్నది ఆయన ముచ్చట. ముందుగదికి దక్షిణాన గోడంత గాజు కిటికీ పెట్టించారు, పిన్నికి వెలుతురు కావాలి కదా అని. వెలుతురుతో పాటు మధ్యాహ్నం ఎండ కూడా వస్తుందని గోడ కట్టేశాక తట్టింది. తూర్పు గోడకు ఉన్న అద్దాల బీరువా మీద ఆ ఎండ ఏటవాలుగా పడితే మడతల మీద చీరలు వెలిసిపోతాయి. అందుకని కిటికీకి మోటారు తెర వచ్చింది. ఎండ ఎక్కువైతే తనంతట తనే దిగాలి, తగ్గితే తనంతట తనే లేవాలి.

ఎండను కొలిచే సెన్సర్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేనొక వాదన వినిపించాను. కాపాడవలసింది చీరలను, కనుక ఎండ పడుతోందా లేదా అన్నది చీరల దగ్గరే తెలియాలి, కిటికీ దగ్గర కొలిచి ప్రయోజనం లేదు. బిగించడానికి రాజమండ్రి నుంచి వచ్చిన అతను ఒక్క క్షణం ఆలోచించి, "మేడమ్ చెప్పిందీ నిజమేనండి" అని సెన్సర్‌ను బీరువా చట్రానికి అంటించాడు. బాబాయి నా వైపు గర్వంగా చూశారు. కాలేజీలో చదివినన్నాళ్ళూ నేను డిబేట్ జట్టులో ఉన్నాను. ఒక మాట నిలబడాలంటే, దాన్ని పడగొట్టడానికి ఎదుటి పక్షానికి ఉన్న దారులన్నీ ముందుగా మనమే నడిచి చూడాలని మాకు నేర్పారు. సెన్సర్ విషయంలో అవన్నీ నడిచి చూశాననే అనుకున్నాను.

కొన్నాళ్ళు తెర చెప్పినట్టు విన్నది. మాఘమాసం పెళ్ళిళ్ళు దగ్గర పడి రాకపోకలు పెరిగిన తరువాత దాని వరస మారింది. ఉదయం పూట, ఎండ బీరువా దరిదాపుల్లో లేని వేళ, హఠాత్తుగా దిగిపోయేది. అది కూడా ఎవరో ఒకరు చీర చూస్తుండగానే. పిన్ని రిమోట్ నొక్కితే సగం లేచి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ దిగేది. గది అంతా గోధుమ రంగు చీకటి అయ్యేది. వచ్చినవాళ్ళు నవ్వేవారు.

"కొత్త కోడలికి మల్లే సిగ్గు పడుతుందేంటమ్మా మీ కిటికీ?" అని ఒకావిడ అంటే, పిన్ని కూడా నవ్వి, లైటు వేసి, "ఒక్క నిమిషం ఆగండి, లేస్తుందది" అనేది. అది లేచేది కాదు. లేచేసరికి వాళ్ళు వెళ్ళిపోయేవారు.

నేను పూనుకున్నాను. ముందుగా కరెంటును అనుమానించాను. గాలి విసిరితే చాలు, పాలకొల్లులో కరెంటు పోతుంది. ఇన్వర్టర్ లైను నుంచి రౌటరుకు కరెంటు అందడం లేదని కనిపెట్టి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మార్పించాను. లాభం లేకపోయింది. తరువాత నెట్‌ను అనుమానించాను. రౌటరు మేడ మీద ఉంది, మధ్యలో స్లాబు. దాన్ని కిందికి దింపించాను. తెర మాత్రం తన అలవాటు మానలేదు. బాబాయి ఫోనులో మాట్లాడుతున్నప్పుడు ఆయన గొంతుకు ఏదైనా పరికరం స్పందిస్తోందేమోనని వాటి చెవులన్నీ, అంటే మైకులన్నీ, మూయించాను. బాబాయి ఆ రోజంతా ఇంట్లో గుసగుసగా మాట్లాడారు, అది వేరే సంగతి. రాజమండ్రి అతను మళ్ళీ వచ్చాడు. అతను ఉన్నంతసేపూ తెర బుద్ధిమంతురాలిలా లేచింది, దిగింది.

"ఏ కంప్లయింటూ లేదండి" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

యాప్‌లో తెర దిగిన ప్రతిసారీ కారణం రాసి ఉండేది. ఎండ ఎక్కువైనందువల్ల దించడమైనది. ఆ సమయానికి బీరువా మీద ఎండ లేదని నా కళ్ళతో నేనే చూశాను. సాక్షి చెప్పినది, కంటికి కనిపించినది పొసగకపోతే సాక్షి అబద్ధమాడుతున్నట్టే. సెన్సర్ పాడైందని తేల్చి కొత్తది తెప్పించాను. అదీ అదే అబద్ధం ఆడింది. నేను ఒంటరిగా కిటికీ ముందు నిలబడి, ఫోను చేత పట్టుకుని, గంటల తరబడి చూసేదాన్ని. నేను ఒక్కదాన్నే ఉంటే అది ఒక్కసారి కూడా తప్పు చేయలేదు.

"మనుషులంటేనే పడదే దానికి. నీతో వాదించలేక ఊరుకుంటోంది" అంది పిన్ని.

"ఎండ చూసే పని ఆపేస్తాను పిన్నీ. చేత్తోనే దించుకుందాం."

బాబాయి ఒప్పుకోలేదు. "మధ్యాహ్నం మీ పిన్ని కునుకు తీస్తే చీరల గతేంటి? ఇంత పెట్టింది మళ్ళీ చేత్తో లాక్కోడానికా? నువ్వు కనిపెడతావులేమ్మా" అన్నారు. ఆ మాటలోని నమ్మకం నాకు నచ్చింది. సరేనన్నాను.

ఆ వారాలలో తెర కంటే ముఖ్యమైనది మరొకటి మారుతోందని నేను గమనించలేదు. సరుకు వచ్చిన రోజున పిన్ని చీరలను కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళేది. తెర దిగేది. రిమోట్ నొక్కి, విసిగి, "బాగయ్యాక చూద్దాంలే" అని చీరను అలాగే బీరువాలో పెట్టేది. మొదట ఒకటి, రెండు. క్రమంగా అదే పద్ధతి అయింది. ఇన్నేళ్ళ నియమాన్ని ఆమె ఎవరో చెబితే మానలేదు, మానాలని అనుకునీ మానలేదు. వెలుతురు ఉంటుందో ఉండదో తెలియని కిటికీ దగ్గరకు వెళ్ళడం మాత్రమే మానింది.

భీమవరం దగ్గర ఊరి నుంచి వచ్చే ఒకావిడ ఉండేవారు. పిన్ని ఆవిడను అక్కగారు అని పిలిచేది. పాత ఇంటి అరుగు మీద పిన్ని రెండు మూటలతో అమ్మకం మొదలుపెట్టిన నాటి నుంచీ కొంటున్న మనిషి. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళి చీరలూ పిన్ని దగ్గరే. కిటికీ దగ్గరకు రమ్మంటే రానిది ఆవిడ ఒక్కరే. "నువ్వు చూశావుగా అమ్మా, నేను చూసినట్టే" అని చాప మీదే కూర్చునేవారు. ఆవిడ రాకపోయినా పిన్ని మాత్రం లేచి వెళ్ళి, తను చూసి వచ్చి, చేతిలో పెట్టేది.

చిన్న కూతురి సీమంతానికి పుట్టింటి చీర కోసం వచ్చారు. ఆటో గేటు దగ్గర ఆగి ఉంది. ముందు రోజు వచ్చిన సరుకులో నుంచి పిన్ని ఒక పట్టుచీర తీసింది. నెమలిపింఛం నీలం, పెద్ద జరీ అంచు. లైటు కింద అది మెరుస్తుంటే ఆవిడ ముఖం విప్పారింది.

"ఇదే, ఇదేనమ్మా. మా పిల్ల రంగుకి దివ్యంగా ఉంటుంది."

"ఆగండక్కగారూ, ఒక్కసారి కిటికీ దగ్గర చూస్తాను."

పిన్ని పైట విప్పింది. తెర దిగింది. రిమోట్ నొక్కింది. సగం లేచి, మళ్ళీ దిగింది. గది మూల లాప్‌టాప్ ముందు నేను యాప్ తెరుచుకుని కూర్చునే ఉన్నాను. ఎండ ఎక్కువైనందువల్ల అని వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ దిగింది. బయట ఆటో అతను హారన్ కొట్టాడు.

"నీ కిటికీకి నిద్రొస్తున్నట్టుందమ్మా, పడుకోనీ. నీ చేత్తో ఇచ్చేదాన్ని చూసేదేముంది?" అన్నారు ఆవిడ.

పిన్ని తెర వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది. చీర మడిచి కవరులో పెట్టి, పసుపూ కుంకుమా ఇచ్చి సాగనంపింది. ఆవిడ వెళ్ళాక నేను సరదాకే అన్నాను, "నియమం తప్పావు పిన్నీ." ఆమె పరిచిన చీరలు మడుస్తూ ఉండిపోయింది.

సీమంతం అయిన మర్నాడో ఆ మర్నాడో ఆవిడ మళ్ళీ వచ్చారు. ఉదయం పూట. కవరు చాప మీద పెట్టి కూర్చున్నారు. టీ ఇస్తే తాగారు. పిన్ని కూతురి ఆరోగ్యం అడిగింది, చెప్పారు. భోజనాలు బాగా కుదిరాయని కూడా చెప్పారు. ఆ తర్వాతే అసలు సంగతి వచ్చింది.

"టెంటు కింద పిల్లని కుర్చీలో కూర్చోబెట్టామమ్మా. పగటి వెలుగు బాగా ఉంది. వాళ్ళ పెద్దత్తగారు అక్షింతలు వేసి, చీర బాగుందే అని పైట కొంచెం ఎత్తి చూశారు. 'ఏంటి వదినగారూ, పిల్లకి నల్లచీర పెట్టారు?' అన్నారు."

పిన్ని చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

"పడుగు దారాలు నీలమేనంట. అడ్డంగా నేసిన పేక నలుపు. అడ్డంగా పట్టుకుంటే నల్లగానే ఉంది, నేనూ చూశాను. గొడవేం చేయలేదులే వాళ్ళు, మర్యాదస్తులే. పిల్లని లోపలికి తీసుకెళ్ళి వాళ్ళు తెచ్చిన చీర కట్టారు. ఫోటోలన్నీ ఆ చీరలోనే."

నీలంలో నలుపు పేక వేసి నేసే చీరలు కొత్త కాదు. మామూలు రోజుల్లో ఎవరైనా ఇష్టపడి కట్టుకుంటారు. కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటి వాళ్ళు, అదీ సీమంతం పీట మీద, నలుపు పెట్టరు. ఆ నమ్మకం మీద నాకు చాలా ప్రశ్నలు ఉన్నాయి. ఆ గదిలో అవి అడిగే వేళ కాదని ఆ వయసులో కూడా నాకు తెలిసింది. ప్రశ్న నలుపు గురించి కాదు. తల్లి తెచ్చిన చీరను పక్కన పెట్టి వేరేది కడుతుంటే తలుపు వెనక ఆ పిల్ల ఎలా నిలబడిందన్నది ఒకటి, అందరి మధ్యా ఆ తల్లి ఎటు చూసిందన్నది రెండోది.

"చీర మార్చి ఇస్తానక్కగారూ. మీ డబ్బులైనా..." అంది పిన్ని.

"అబ్బే, దానికి రాలేదమ్మా. ఇంట్లో ఉంచుకోబుద్ధి కాక తెచ్చాను. నిన్నేం అనట్లేదు. నువ్వు చూసే ఉంటావనుకున్నాను, అంతే."

గొంతు ఎత్తకుండా అన్నారు. చెప్పులు వేసుకుని, గేటు చేరవేసి మరీ వెళ్ళారు.

పిన్ని లేచి కవరు విప్పి, చీరను కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆ రోజు చేయవలసిన పని అప్పుడు చేస్తోంది. పైట పూర్తిగా విప్పి, రెండు చేతులతో ఎత్తి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది. నలుపు. అనుమానం లేదు. కిటికీ లోంచి పడుతున్న ఉదయపు ఎండ ఆ పెద్దంచు జరీ మీద విరిగి బంగారు చుక్కలై తూర్పు గోడకు చెదిరింది. ఆ చుక్కలు మాకు కొత్త కాదు. పట్టుచీర విప్పిన ప్రతిసారీ బీరువా అద్దాల మీద ఆడేవే. తల్లుల వెంట వచ్చిన చిన్నపిల్లలు వాటిని అరచేతులతో పట్టుకోబోతే అందరం నవ్వేవాళ్ళం. ఆ చుక్కల్లో పెద్దది ఒకటి బీరువా చట్రం మీదకు జారి, సెన్సర్ మీద ఆగింది.

తెర దిగడం మొదలైంది.

నేను లేచి నిలబడ్డాను. "పిన్నీ, చీర దించు" అన్నాను. దించింది. రిమోట్ నొక్కితే తెర లేచింది. "ఎత్తు" అన్నాను. ఎత్తింది. బంగారు చుక్క వచ్చి కూర్చుంది, తెర దిగింది. ఇన్నాళ్ళూ సెన్సర్ అబద్ధం ఆడలేదు. దాని మీద ఎండ పడిందన్నది నిజం. నేను కరెంటుతో, నెట్‌తో, బాబాయి గొంతుతో పరీక్షించాను. చేతిలో చీర పట్టుకుని మాత్రం ఒక్కసారి కూడా నిలబడలేదు. రాజమండ్రి అతనూ నిలబడలేదు. మేము ఖాళీ గదిని పరీక్షించాం. ఆ గది ఖాళీగా ఉండడానికి కట్టింది కాదు.

నాకు సంతోషం కలిగింది. ఆ మాట దాచను. చిక్కు విడిపోయినప్పుడు కలిగే సంతోషం సందర్భం చూసుకుని రాదు. "మళ్ళీ ఎత్తు పిన్నీ, ఇంకొక్కసారి" అన్నాను.

"చాల్లే. మడతపెట్టు" అంది పిన్ని.

రెండు కొనలు ఇద్దరం పట్టుకుని మడిచాం. మడుస్తూ నేను చెబుతూనే ఉన్నాను. ఆవిడకు ఫోను చేద్దామన్నాను. కారణం ఇది అని వివరంగా చెబితే అర్థం చేసుకుంటారని, పిన్ని కావాలని చూపించకుండా ఇవ్వలేదని, చూపించబోతే అడ్డుపడినది ఫలానా అని తేలిపోతుందని వరసగా చెప్పాను. వాదన ఎక్కడా తెగలేదు.

"చెప్పు. తర్వాత?"

"తర్వాత, మన తప్పు కాదని ఆవిడకి తెలుస్తుంది."

"తెలిస్తే ఆ పిల్లకి సీమంతం మళ్ళీ చేస్తారా?"

"అది కాదు పిన్నీ. నీ మీద నమ్మకం..."

"తెర దిగితే వీధిలోకి తీసుకెళ్ళి చూడొచ్చే. గుమ్మం దాటితే బోలెడంత వెలుతురు. నాకు కాళ్ళు లేవా?" అంది. నాతో అన్నట్టు లేదు. మడిచిన చీర నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కారణాన్ని చూపించడం వేరు, బాధ్యతను దించడం వేరు అని వేదికల మీద ఎన్నోసార్లు చెప్పిన దాన్నే. పిన్ని నా కారణాన్ని కాదనలేదు. అది తనకు ఉపయోగపడదని మాత్రమే చెప్పింది.

మర్నాడే సెన్సర్‌ను బీరువా మీద నుంచి తీయించి, కిటికీ బయట, మధ్యాహ్నం ఎండ మాత్రమే తగిలే చోట గోడకు పెట్టించాను. అక్కడికి ఏ జరీ వెలుగూ చేరదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా తెర ఒక్కసారి కూడా వేళ తప్పలేదు. మధ్యాహ్నం దిగుతుంది, పొద్దు వాలితే లేస్తుంది. "చెప్పానా, మంచి కంపెనీయేనని" అంటారు బాబాయి, వచ్చినవాళ్ళకు చూపిస్తూ. నల్ల పేక చీరను పిన్ని ఎవరికీ అమ్మలేదు, తనూ కట్టుకోలేదు. బీరువా అడుగు అరలో ఉంది. సరుకు వచ్చిన రోజున ఇప్పుడు ప్రతి చీరనూ కిటికీ దగ్గర చూసి, ఆ తర్వాత వీధి గుమ్మం దాకా తీసుకువెళ్ళి మళ్ళీ చూస్తోంది. ఒకసారి చాలు కదా అని నేను అడగలేదు.

ఆవిడ ఇక రారనుకున్నాం. మనవడు పుట్టాక, బారసాలకు చీరలు కావాలని వచ్చారు. బాబు ఫోటోలు ఫోనులో చూపించారు. పిన్ని ముచ్చటపడింది, ఆవిడ మురిసిపోయారు. టీ తాగారు. ఏమీ జరగనట్టే ఉంది. ఉదయం వేళ, తెర పూర్తిగా పైకి ఉంది, గది నిండా వెలుతురు. పిన్ని అరటిపువ్వు రంగు చీర ఒకటి తీసి, కిటికీ దగ్గరకు వెళ్ళి, విప్పి, చూసి, తిరిగి వచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

ఎప్పుడూ చాప మీద నుంచి లేవని మనిషి లేచారు.

"ఒక్కసారి బయటికి తీసుకెళ్ళి చూసుకుంటానమ్మా. ఏమీ అనుకోకు."

"అనుకోడానికేముందండి. చూసుకోండి" అంది పిన్ని.

ఆవిడ గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డారు. పైట విప్పి ఎండకు అడ్డంగా పట్టుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. అంచును వేళ్ళతో వంచి పేకను చూశారు. జరీ వెలుగు ప్రహరీ గోడ మీద ఆడింది. ఇన్నేళ్ళుగా పిన్ని అందరినీ అడుగుతూ వచ్చింది కూడా అదే కదా, మీ కళ్ళతో మీరు చూసుకోమని. మిగిలిన వాళ్ళు చూసుకుంటే అది వ్యాపార పద్ధతి. ఆవిడ చూసుకుంటుంటే మాత్రం నేను కిటికీ లోంచి అటు చూడలేకపోయాను. పిన్ని చాప మీది చీరలు మడుస్తోంది. మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడుస్తోంది.

ఆవిడ లోపలికి వచ్చారు.

"బాగుందమ్మా. ఇదే ఇవ్వు."

పిన్ని కవరు తెచ్చింది, పసుపూ కుంకుమా ఇచ్చింది, గేటు దాకా వెళ్ళి సాగనంపింది. తిరిగి వచ్చి, నన్ను చూసి, "ఆ తెర కాస్త దించవే, కళ్ళు మండుతున్నాయి" అంది. ఎండ ఇంకా బీరువా వైపు తిరగలేదు. నేను రిమోట్ నొక్కాను. నొక్కగానే దిగింది.